రికార్డుకెక్కని పతకాలు: ఈ బాకీ తీర్చేదెవరు?

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించి అవతరించిందని అడిగితే మనలో చాలామంది తడుముకుంటారు. నమాజు గురించో, స్వర్గనరకాల గురించో అనుకుంటారు. నిజానికి అది అప్పు పత్రం రాసుకోవడం గురించి (అల్ బఖరా: 282). వ్యవహారం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసిపెట్టుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షులు పిలిస్తే రాకుండా ఉండకూడదనీ అందులో ఆదేశం ఉంది. మనుషుల హక్కులు జ్ఞాపకం మీద ఎక్కువకాలం నిలవవు. జ్ఞాపకం ఉన్న మనిషి పోతే హక్కు కూడా పోతుంది. కాగితం మీద ఉన్నది నిలుస్తుంది.

ఈ వారం ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, ఆ పైన శబరి ఒడ్డున ఉన్న అడవి పల్లెలు. ఈ దారి పొడవునా సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలున్న కుటుంబాలు ఉన్నాయి. 1971 యుద్ధం చూసినవారు డెబ్బయ్యేళ్ళు దాటారు. 1965 యుద్ధం చూసినవారు ఎనభయ్యో పడికి అటూ ఇటూ ఉన్నారు. సర్వీసులో ఉండగా తమకు రావలసిన పతకం రాలేదనో, వచ్చినా రికార్డులో ఎక్కలేదనో చెప్పే మాజీ సైనికులు మన దేశంలో అరుదు కాదు. ఇంట్లోవాళ్ళు ఆ మాట విని ఊరుకుంటారు. "ఈ వయసులో మీకెందుకు దాదా, దాంతో డబ్బులొస్తాయా?" అంటారు. దాదా కూడా ఇక ఆ మాట ఎత్తడు.

ఊరుకోవద్దని మా మనవి. అది వృద్ధాప్యపు చాదస్తం కాదు. దేశం ఆ మనిషికి బాకీ ఉన్న ఒక వాక్యం. దాన్ని రాయించడం పిల్లల బాధ్యత, సరిగ్గా రాయడం ప్రభుత్వ బాధ్యత.

అడుక్కునేది కాదు, హక్కు

సైనిక పతకాలను రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది శౌర్య పతకాలు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర వంటివి ఈ కోవలోవి. సైనికుడు చేసిన సాహసాన్ని పై అధికారి సిఫారసు చేయాలి. అది మెట్టు మెట్టుగా పైకి వెళ్ళాలి. చివరకు గెజిట్‌లో ప్రకటన రావాలి. వీటికి నెలనెలా కొంత భత్యం కూడా ఉంటుంది.

రెండవది సేవా పతకాలు. వీటికి ఎవరి సిఫారసూ అక్కరలేదు. ఫలానా కాలంలో, ఫలానా చోట, నియమం చెప్పిన మేరకు విధుల్లో ఉంటే చాలు, అది హక్కు అవుతుంది. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా పతకం ఉన్నాయి. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్, ఇవికాక సంగ్రామ్ పతకం ఉన్నాయి. 1972లో స్వాతంత్ర్యానికి ఇరవై అయిదేళ్ళు నిండిన సందర్భంగా అప్పుడు సర్వీసులో ఉన్నవారికి ఒక పతకం ఇచ్చారు. తొమ్మిదేళ్ళు, ఇరవయ్యేళ్ళు సేవ పూర్తిచేసిన వారికి వేరే పతకాలున్నాయి. కాశ్మీరు వంటి కష్టమైన ప్రాంతాల్లో పనిచేసిన వారికి సైన్య సేవా పతకం ఉంది. శాంతి దళంతో శ్రీలంక వెళ్ళివచ్చిన వారికీ పతకం ఉంది.

మన ఇళ్ళలో పెద్దలు అడిగేది సాధారణంగా ఈ రెండో రకం గురించే. వీటికి భత్యం రాదు కాబట్టి పట్టించుకునే వాళ్ళు తక్కువ. భత్యం లేని పతకం దేనికని అనేవారు అబ్దుల్ హమీద్‌ను తలచుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో పుట్టిన ఈ హవల్దార్ 4వ గ్రెనేడియర్స్ దళంలో పనిచేశాడు. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ రంగంలో జీపు మీద అమర్చిన ఫిరంగితో పాటన్ టాంకులను ధ్వంసం చేస్తూ అమరుడయ్యాడు. ఆయన పరమవీర చక్రను 1966లో భార్య రసూలన్ బీబీ అందుకుంది. ఆ మహా పతకంతోపాటు సమర్ సేవా, రక్షా పతకాలు కూడా ఆయన లెక్కలో ఉన్నాయి. పరమవీరుడికి కూడా రాయవలసినవి అన్నీ రాశారు. చిన్నవని వదిలేయలేదు.

మరో సంగతి చూడండి. ఆయన ఎన్ని టాంకులు ధ్వంసం చేశాడన్న లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కో విధంగా ఉంది. దేశమంతా పాఠాల్లో చదువుకునే వీరుడి లెక్కలోనే ఇంత తేడా ఉంటే, మామూలు సిపాయి లెక్క ఎవరు సరిచూస్తారు? అతనే చూసుకోవాలి. అతనికి చేతకాకపోతే మనం చూడాలి.

ఎక్కడ తప్పిపోతుంది?

దీనికి ఎవరో ఒకరి దుర్బుద్ధి కారణమని అనుకోనక్కరలేదు. ఎక్కువసార్లు కాలమే కారణం. యుద్ధం ముగిసిన రోజునే పతకం పుట్టదు. 1965 యుద్ధపు పతకాలను ప్రభుత్వం నెలకొల్పింది 1967లో. 1966లో సైన్యం వదిలి ఇంటికి వచ్చిన సిపాయి డిశ్చార్జి బుక్కులో ఆ పతకం పేరు ఎలా ఉంటుంది? అతను ఇక్కడ పొలం దున్నుకుంటుంటే అతని దళం ఎక్కడో సరిహద్దులో ఉంటుంది. బదిలీలో, సెలవులో, ఆసుపత్రిలో ఉన్నవాడి పేరు జాబితాలోంచి జారిపోవడం మరీ తేలిక. పతకాలు తయారయ్యేది కోల్‌కతాలోని అలీపూర్ టంకశాలలో. తయారీ వెనకబడి, సర్వీసులో ఉన్న సైనికులే బజారులో నకలు కొని పెట్టుకోవలసి వచ్చిందని ఆ మధ్య పత్రికల్లోనే వచ్చింది.

రెండో కారణం మన పేర్లు. షేక్ అన్న ఒక్క మాటను ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. కొందరు గుమాస్తాలు ఎస్.కె. అని రెండక్షరాలతో సరిపెడతారు. మొహమ్మద్ కాస్తా ఎం.డి. అవుతాడు. యాకూబ్ పాషా ఒకచోట పాషా, ఇంకోచోట బాషా. మస్తాన్ వలీ ఒక కాగితంలో రెండు మాటలు, మరో కాగితంలో ఒకటే మాట. ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తెలియక ఉత్తరాది గుమాస్తా తనకు తోచినట్టు రాస్తాడు. పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు చెక్కుతారు. ఆ పేరు రికార్డుతో కలవకపోతే సొంత పతకమే పరాయివాడిదైపోతుంది. భార్యల పేర్ల సంగతి ఇంకా కష్టం. బీ, బీబీ, బేగం అన్న చిన్న తేడా దగ్గర కుటుంబ పింఛను కాగితాలు ఆగిపోతాయి.

మూడో కారణం మన ప్రాంతానికే ప్రత్యేకమైనది. కూనవరంలో పుట్టి 1957లో సైన్యంలో చేరిన ఒక యువకుణ్ణి ఊహించుకోండి. చేరినప్పుడు అతని చిరునామా తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. సెలవు మీద వచ్చేసరికి అతనిది ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయి, పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినప్పుడు మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. కుకునూరు, వేలేరుపాడు వారిది ఇంకో దారి: ఖమ్మం నుంచి పశ్చిమ గోదావరికి, అక్కడి నుంచి ఏలూరుకు. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉన్నా 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. మనిషి గడప దాటకుండానే జిల్లా మారింది, రాష్ట్రం మారింది. రికార్డులో ఉన్న చిరునామాకు వెళ్ళిన ఉత్తరం ఏ తపాలా సంచిలో తిరిగిందో ఎవరు చెప్పగలరు?

దీనికి తోడు గోదావరి. భద్రాచలం దగ్గర వరద 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. అలాంటి నీళ్ళు ఇంట్లోకి వస్తే ముందు పిల్లల్ని, ముసలివాళ్ళను ఎత్తుకుని పరుగెత్తుతాం. కాగితాల పెట్టె ఎవరికి గుర్తుంటుంది? ముంపు పల్లెల నుంచి కొత్త కాలనీలకు తరలిన ఇళ్ళలో పాత కాగితం ముక్క దొరకడమే గగనం.

ఇంకొక గడియారం కూడా తిరుగుతూ ఉంది. పింఛను రాకుండా సైన్యం విడిచినవారి సర్వీసు కాగితాలను ఇరవై అయిదేళ్ళ తర్వాత ధ్వంసం చేయవచ్చని నియమం. అంటే ఆలస్యం చేసేకొద్దీ సరిచేయడానికి అసలు కాగితమే మిగలదు.

అల్లాహ్‌కు తెలుసు కదా అంటారు

మన పెద్దల్లో దైవభక్తి కలవారు ఒక మాట అంటారు. "నేను చేసింది అల్లాహ్‌కు తెలుసు. మనుషులు రాస్తే ఎంత, రాయకపోతే ఎంత? పతకం కోసం పాకులాడితే అది రియా కాదా?" ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోం. కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయని దైవప్రవక్త (స) బోధించారు. ప్రదర్శన కోసం చేసిన పని పరలోకంలో చెల్లదు.

కాని హజ్రత్ ఉమర్ (ర) జీవితాన్ని చూడండి. నహావంద్ యుద్ధం ముగిశాక విజయవార్త తెచ్చిన దూత అమరులైన వారి పేర్లు చెప్పాడు. తర్వాత, మీరు ఎరుగని సామాన్యులు ఇంకా ఎందరో ఉన్నారన్నాడు. ఉమర్ (ర) కన్నీరు పెట్టుకున్నారు. ఉమర్ ఎరగకపోతే వారికి వచ్చే నష్టం లేదని, వారిని అల్లాహ్ ఎరుగునని అన్నట్టు చరిత్రకారులు రాశారు. మన పెద్దలు అనే మాటకు ఇంతకంటే పెద్ద ఆధారం లేదు.

అయితే ఆ ఉమరే (ర) దీవాన్ అనే దఫ్తరును నెలకొల్పారు. సైనికుల పేర్లు, వారికి, వారి కుటుంబాలకు ఇవ్వవలసిన భత్యాలు అందులో రాయించారు. ఎవరు ముందు నుంచి ఉన్నారు, ఎవరు బద్ర్‌లో పాల్గొన్నారు అన్నది చూసి వరుస నిర్ణయించారు. అల్లాహ్‌కు తెలుసునన్న విశ్వాసం ఉన్న పాలకుడే, రాయకుండా వదిలేసే హక్కు తనకు లేదని గ్రహించాడు. అల్లాహ్‌కు తెలిసి ఉండటం సిపాయికి ఓదార్పు. అధికారికి మాత్రం అది సాకు కాదు, హెచ్చరిక.

కాబట్టి పతకాన్ని మెడలో వేసుకుని ఊరేగడం వేరు, రికార్డును సరిచేయించడం వేరు. మొదటిది మనిషి అహానికి సంబంధించింది. రెండవది హుఖూఖుల్ ఇబాద్‌కు, మనుషుల హక్కులకు సంబంధించింది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్‌నిసా సూరా ఆదేశిస్తున్నది. చేసిన సేవ వివరం కూడా అమానతే.

ఇదే తూకం మనకూ వర్తిస్తుంది. అర్హత లేని పతకాన్ని అడగడం, బజారులో దొరికింది కదా అని కొని తగిలించుకోవడం మోసం. తనకు దక్కనిది దక్కినట్టు చాటుకునేవాణ్ణి అబద్ధపు వస్త్రాలు తొడిగినవాడితో దైవప్రవక్త (స) పోల్చారు. దాదా తూర్పు రంగంలో ఉంటే పూర్వీ స్టార్ అడుగుదాం. ఆయన ఆ రోజుల్లో దేశం నడుమ ఏదో డిపోలో ఉంటే ఆ సంగతే రాద్దాం. డిపోలో కాపలా కాయడం కూడా సేవే, అందులో చిన్నతనం లేదు.

ఎవరికో రుజువు చూపడానికి కాదు

ఈ రోజుల్లో ముస్లిం సైనికుడి పతకం మాట ఎత్తితే వెంటనే దేశభక్తి చర్చ మొదలవుతుంది. మన దాదాల పతకాలను ఎవరి ముందో రుజువులుగా పరచవలసిన అవసరం మనకు లేదు. దేశ విభజన నాడు పాకిస్తాన్ సైన్యంలోకి రమ్మన్నా వెళ్ళని బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ 1948 జూలై 3న ఝంగర్ వద్ద ప్రాణాలిచ్చాడు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఢిల్లీ జామియా మిల్లియా దగ్గరున్న ఆయన సమాధి దెబ్బతిన్నదని తెలిసినప్పుడు, 2020లో సైన్యమే దాన్ని బాగుచేయించింది. తనవాడి సమాధి తన బాధ్యత అని సైన్యం అనుకుంది. తనవాడి రికార్డు కూడా తన బాధ్యతే అనుకోవాలని మనం కోరుతున్నాం, అంతే. ఈ కోరిక హిందూ సైనికుడికీ, క్రైస్తవ సైనికుడికీ, కోయ గూడెం నుంచి వెళ్ళిన సైనికుడికీ సమానం. మన అడవి దారుల్లో విధులు చేసిన పోలీసులకు, సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లకు కూడా ఇదే న్యాయం వర్తించాలి.

రాసినది సరిచేయడం కుదరదని నిరాశపడేవారికి ఒక ఉదాహరణ. కార్గిల్ యుద్ధంలో బతాలిక్ రంగంలో 70వ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవీందర్ సింగ్, తన పోరాటాన్ని నివేదికల్లో వక్రంగా రాశారని ఫిర్యాదు చేశారు. సాయుధ దళాల ట్రిబ్యునల్ 2010లో ఆయన మాట విని, ఆ రాతలను సరిచేయమని ఆదేశించింది. యుద్ధం జరిగింది 1999లో. పదకొండేళ్ళు పట్టింది, అయినా జరిగింది. బ్రిగేడియర్‌కు అంత కాలం పడితే సిపాయి మాటేమిటని అడగవచ్చు. నిజమే. అందుకే సిపాయి వెనుక అతని కుటుంబం నిలబడాలి.

ఇంట్లో చేయవలసిన పని

డిగ్రీ చదివే మనవడో మనవరాలో ఒక ఆదివారం పూట దాదా పక్కన కూర్చోవాలి. ఆయన ఆర్మీ నంబరు, హోదా, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ఏ దళంలో ఏ ఏ చోట్ల పనిచేశాడో వరుసగా రాసుకోవాలి. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు ప్రతి పేజీ జిరాక్సు తీయించి, అసలు కాగితాలు నీళ్ళు అందని చోట పెట్టాలి.

జవాన్ల సర్వీసు కాగితాలు ఢిల్లీలో ఉండవు, ఆయా దళాల రికార్డు కార్యాలయాల్లో ఉంటాయి. ఫిరంగి దళానికి నాసిక్ రోడ్డు, ఈ.ఎం.ఇ.కి, ఆర్డినెన్సుకు సికింద్రాబాద్, సిగ్నల్సుకు జబల్‌పూర్, మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. పాత తరం కాగితాల మీద 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. ఆ రెజిమెంటే 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది, దాని కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. నిజాం సొంత సైన్యం మాత్రం వేరు. ఈ రెండింటినీ కలిపి రాయకూడదు.

ఉత్తరంలో కోపతాపాలు వద్దు. ఫలానా తేదీల్లో ఫలానా దళంతో ఫలానా చోట ఉన్నాను, ఫలానా పతకం నా రికార్డులో లేదు, పరిశీలించి నమోదు చేయండి అని రాస్తే చాలు. పేరు రికార్డులో ఎలా ఉందో అలాగే రాయాలి. పేరు కూడా తప్పుగా ఉంటే దాన్ని వేరే ఉత్తరంలో అడగాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మరీ మంచిది. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో తన సర్వీసు కాగితాల నకలు అడగవచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అన్నీ విఫలమైతే ట్రిబ్యునల్ ఉంది. దాదా లేకపోతే దాదీ అడగవచ్చు, పిల్లలు అడగవచ్చు.

ఆయనతో కలిసి పనిచేసిన మిత్రులు బతికి ఉంటే వారి చేత ఒక వాంగ్మూలం రాయించాలి. సాక్ష్యాన్ని దాచవద్దన్న ఆదేశం కూడా అప్పు పత్రం ఆయత్ పక్కనే ఉంది (అల్ బఖరా: 283). పొరుగూళ్ళో ఉన్న పాత సిపాయి దగ్గరికి ఆటో కట్టించుకుని వెళ్ళి ఒక సంతకం తేవడం మనకు భారం కాకూడదు.

మసీదు కమిటీలు కూడా ముందుకు రావాలి. నెలకు ఒక జుమా తర్వాత, ఇంగ్లీషు బాగా రాయగలిగిన ఇద్దరు యువకులు వరండాలో కూర్చుంటే చాలు. ఏ మతం వారు వచ్చినా రాసిపెట్టాలి. ఇదీ సదఖాయే.

ప్రభుత్వానికి మా మనవి

ప్రభుత్వాన్ని మేము అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. సంవత్సరానికి ఒకసారి రికార్డు కార్యాలయాల సిబ్బంది భద్రాచలంలో, చింతూరులో శిబిరం పెట్టాలి. ఎనభయ్యేళ్ళ మనిషిని అడవి పల్లె నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఖమ్మం రప్పించడం న్యాయం కాదు. ఒకే నంబరు, ఒకే తండ్రి పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్నప్పుడు షేక్‌ను ఎలా రాశారన్న దాని మీద దరఖాస్తు తిప్పిపంపకూడదు. జిల్లా మారిన చోట రెండు రాష్ట్రాల సైనిక సంక్షేమ కార్యాలయాలు మాట్లాడుకోవాలి, ముసలివాణ్ణి తిప్పకూడదు. పింఛను లేని సైనికుడి కాగితాలను ధ్వంసం చేసే ముందు వాటి నకలు తీసి ఉంచాలి. అర్హత లేకపోతే లేదని, ఎందుకు లేదో రెండు వాక్యాల్లో రాయాలి. జవాబు రాకపోవడమే వృద్ధుణ్ణి ఎక్కువ బాధపెడుతుంది. కాదన్న మాటనైనా గౌరవంగా చెబితే అతను తట్టుకోగలడు.

సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలోని ఆ పెద్దలు ఎక్కువ కాలం ఉండరు. వారు పోయాక జనాజాకు జెండా కప్పమని, ఊళ్ళో పేరు పెట్టమని అడగడం కన్నా, వారు వింటుండగా వారి రికార్డులో ఒక్క సరైన వాక్యం రాయించడం మేలు. ఈ జుమా నుంచే మొదలుపెడదాం. హక్కుదారుకు హక్కు అందించే శక్తిని, రాసేవారికి న్యాయంగా రాసే బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.